నూనె పారిన దిక్కు: ఉద్దేశపూర్వకంగా చేసిన కాలిన గాయం ఒకదాని కేస్ స్టడీ

ఈ కేసు రాయడానికి ముందు రోగి అనుమతి తీసుకున్నాను. ఆమె ఎవరో పోల్చుకోవడానికి వీలిచ్చే వివరాలన్నీ తీసేశాను, కొన్నింటిని మార్చాను. ఆమెను ఆసుపత్రికి తీసుకువచ్చిన వ్యక్తి ఆమెకు ఏమవుతారో కూడా కావాలనే రాయడం లేదు. ఆ బంధుత్వం చెప్పగానే చదివేవారి మనసులో ఒక తీర్పు తయారైపోతుంది, ఈ నివేదికకు ఆ తీర్పుతో పని లేదు. గాయం స్వరూపం, మేము తీసుకున్న నిర్ణయాలు, వాటి క్రమం మాత్రం ఉన్నవి ఉన్నట్టే రాశాను. మేము చేసిన పొరపాట్లు కూడా అందులో ఉన్నాయి.

నేపథ్యం

కాలిన గాయాల వార్డులో చేరేవారిలో ఎక్కువ మంది ప్రమాదాల వల్ల వచ్చినవారే. ఎవరో కావాలని చేసినవి, తమకు తాము చేసుకున్నవి సంఖ్యలో తక్కువైనా వాటి పర్యవసానాలు బరువైనవి. తమను తాము కాల్చుకున్నవారిలో కాలిన విస్తీర్ణం సాధారణంగా ఎక్కువగా ఉంటుంది, పొగ పీల్చడం వల్ల శ్వాసనాళాలు దెబ్బతినడమూ ఎక్కువే, అందువల్ల మరణాలూ ఎక్కువే. ఇతరులు చేసిన దాడుల్లో ముఖం, మెడ, ఛాతీ పైభాగం, అడ్డుపెట్టిన చేతులు దెబ్బతింటాయి. అక్కడ ప్రాణం నిలిచినా చూపు, మెడ కదలిక, ముఖం ఆకృతి పోయే అవకాశం ఉంటుంది. తమను తాము కాపాడుకోలేని పసిపిల్లలను వేడి నీటిలో ముంచినప్పుడు మేజోడు తొడిగినట్టు ఒకే గీత దగ్గర ఆగిపోయే గాయాలు కనిపిస్తాయి, ముడుచుకున్న మోకాళ్ల వెనక చర్మం మాత్రం కాలకుండా మిగిలిపోతుంది. పొయ్యి మీది గిన్నెను తనే లాక్కున్న బిడ్డకు తల, భుజం, రొమ్ము మీద కాలి, కిందికి పోయే కొద్దీ గాయం సన్నబడి లోతు తగ్గుతుంది.

కాలిన గాయాల వల్ల ప్రపంచవ్యాప్తంగా ఏటా సుమారు 1,80,000 మంది చనిపోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఏ లెక్క తీసుకున్నా, అందులో కారణం అనే గడి నిండేది ఎక్కడో ఒక అత్యవసర విభాగంలో, మొదటి గంటలో, రోగి పక్కన నిలబడినవారు చెప్పిన మాటతోనే. ఈ కేసులో ఆ గడిని మేమే తప్పుగా నింపాం. అది సరిదిద్దడానికి మాకు మూడు వారాలు పట్టింది. ఆ మూడు వారాల్లో రోగి శరీరానికి జరిగిన నష్టం కూడా ఉంది కాబట్టే దీన్ని రాయాలనిపించింది.

వచ్చిన తీరు

ముప్పై ఏళ్లలోపు స్త్రీ. మరో ఆసుపత్రిలో ప్రథమ చికిత్స చేసి మా దగ్గరికి పంపారు. వంట చేస్తుండగా కాగిన నూనె ఉన్న బాణలి దించబోతే చేయి జారి మీద ఒలికిందని వెంట వచ్చిన వ్యక్తి చెప్పారు. ఆమె కళ్లు మూసుకుని ఉన్నారు, ముఖం వాచి ఉంది, అడిగిన ప్రశ్నలకు తల ఊపడం తప్ప మాట లేదు. డ్యూటీ డాక్టరు కేస్ షీటులో “వంట సమయంలో ప్రమాదవశాత్తూ నూనె ఒలికి కాలిన గాయాలు” అని రాశారు. ఆ వాక్యం తర్వాత నర్సుల నివేదికలోకి, మత్తు వైద్యుల పత్రంలోకి, ఆపరేషన్ నోట్సులోకి అలాగే ఎక్కుతూ పోయింది. ఒకసారి రాసిన కారణాన్ని మళ్లీ ఎవరూ ప్రశ్నించరు, అది రోగి పేరులాగే ఫైలుకు అతుక్కుపోతుంది.

పంపినవారి చీటీలో కాలిన విస్తీర్ణం 24 శాతం అని ఉంది. చర్మం ఊడకుండా కేవలం ఎర్రబడిన భాగాన్ని కూడా కలిపి లెక్కించడం వల్ల ఇలాంటి అతి అంచనాలు తరచూ వస్తాయి. ఒక్కో శరీర భాగం మొత్తం చర్మంలో ఎంత శాతమో చూపే లండ్, బ్రౌడర్ పటం మీద మళ్లీ గీసి చూస్తే 14 శాతం తేలింది, అందులో 8 శాతం దాకా లోతైనది. ఈ తేడా కాగితం మీది తేడాగా మిగిలిపోదు. శరీర బరువు కిలోకు, ఒక్కో శాతానికి 4 మిల్లీలీటర్ల చొప్పున లెక్కించే పార్క్‌లాండ్ సూత్రం ప్రకారం 50 కిలోల మనిషికి 24 శాతానికి మొదటి 24 గంటల్లో 4800 మిల్లీలీటర్ల ద్రవం ఎక్కించాలి, 14 శాతానికైతే 2800 చాలు. ఆమెకు అప్పటికే చాలా ద్రవం ఎక్కింది, మొహం వాపులో దాని వాటా కూడా ఉంది. మంచం తల వైపు ఎత్తి, మూత్రం గంటకు సుమారు 25 మిల్లీలీటర్లు వస్తే చాలనుకుని డ్రిప్పు తగ్గిస్తూ వచ్చాం. గొంతు వాపు కోసం రాత్రంతా కనిపెట్టుకుని ఉన్నాం, గొట్టం వేయాల్సిన అవసరం రాలేదు.

ఆ సూత్రం గంటలను లెక్కించేది కాలిన సమయం నుంచి, ఆసుపత్రికి చేరిన సమయం నుంచి కాదు. వెంట వచ్చిన వ్యక్తి చెప్పిన సమయానికీ, నోరు పిడచగట్టుకుపోయి మొదటి ఆసుపత్రిలో గొట్టం వేసినప్పుడు చిక్కగా, కొద్దిగా మాత్రమే వచ్చిన మూత్రానికీ పొంతన కుదరలేదు. అసలు సంఘటన అంతకు నాలుగైదు గంటల ముందే జరిగిందని చాలా రోజుల తర్వాత తెలిసింది. ఆసుపత్రికి ఆలస్యంగా తీసుకురావడం, ఆ ఆలస్యాన్ని దాచడం ఉద్దేశపూర్వక గాయాల్లో తరచూ కనిపించే లక్షణం. ఆ రాత్రి మాత్రం మేము దాన్ని కంగారులో చెప్పిన తప్పు సమయమని సరిపెట్టుకున్నాం.

గాయం చెప్పినది

రెండో రోజు ఉదయం డ్రెస్సింగు విప్పినప్పుడు, ఫోటోలు తీయించి, శరీర పటం మీద ప్రతి గాయాన్నీ గీశాను. ఇది నేను ప్రతి రోగికీ చేసే పనే. వేడి ద్రవంతో కాలిన ప్రతిచోటా ద్రవం ఏ వైపు పారిందో బాణం గుర్తు వేయడం నాకు అలవాటు, ఎందుకంటే ద్రవం పడినచోట గాయం లోతుగా, వెడల్పుగా ఉండి, పారే కొద్దీ చల్లబడి సన్నని చారలుగా, పైపైన కాలుతుంది. ఆ చారలు భూమి వైపే పోతాయి. మనిషి ఆ క్షణాన ఏ భంగిమలో ఉన్నారో చర్మం మీద అలా నమోదవుతుంది.

పొయ్యి మీది నుంచి దించుతూ ఒలకబోసుకుంటే చేతుల ముందు భాగం, పొట్ట, తొడలు, పాదాల పైభాగం కాలాలి. ఈమె పొట్ట మీద గానీ, తొడల మీద గానీ, పాదాల మీద గానీ ఒక్క చుక్క పడిన గుర్తు లేదు, రెండు అరచేతులూ చెక్కుచెదరలేదు. కాలినవి ఎడమ చెంప, ఎడమ చెవి, మెడ ఎడమ పక్క, ఎడమ భుజం, ఎడమ భుజపుటెముక మీది చర్మం, ఎడమ చేతి వెలుపలి వైపు, మణికట్టు దాటి చేతి వెనుక భాగం. మోచేయి మడత లోపలి చర్మం కాలలేదు, అంటే నూనె పడేటప్పుడు మోచేయి ముడుచుకుని ఉంది. ముఖానికి చేయి అడ్డుపెట్టుకున్నప్పుడు చేతి వెనుక భాగం, ముంజేతి వెలుపలి వైపు ఎలా బయటికి తిరుగుతాయో గాయం సరిగ్గా అలాగే ఉంది.

అన్నిటికంటే నన్ను ఆపింది బాణాల దిక్కు. నిలబడి ఉన్న మనిషి మీద పడిన నూనె చెంప నుంచి దవడకు, దవడ నుంచి ఛాతీకి దిగాలి. ఈమె ముఖం మీద చారలు ఎడమ చెంప నుంచి ముక్కు దూలం దాటి కుడి కంటి మూల దాకా అడ్డంగా వెళ్లాయి. వీపు మీద ఎడమ భుజపుటెముక నుంచి వెన్నెముకను అడ్డంగా దాటి కుడివైపు ఆగిపోయాయి. కుడి చెంప, కుడి చెవి, కుడి భుజం అసలు కాలలేదు. శరీర పటాన్ని గుండ్రంగా తిప్పి, కుడి పక్క కిందికి వచ్చేలా పట్టుకుంటే బాణాలన్నీ నేల వైపు చూశాయి. నూనె పడిన సమయంలో ఆమె కుడి పక్కకు తిరిగి పడుకుని ఉన్నారు.

గాయం లోతును మాత్రం నేను సాక్ష్యంగా తీసుకోలేదు, ఎందుకో చెప్పాలి. మోరిట్జ్, హెన్రిక్స్ 1947లో ప్రచురించిన ప్రయోగాల నుంచి, 60 డిగ్రీల సెల్సియస్ నీరు పెద్దవారి చర్మాన్ని లోతుగా చంపడానికి సుమారు 5 సెకన్లు పడుతుందని మనకు తెలుసు. అందువల్ల నీటి గాయాల్లో లోతును బట్టి, నీరు ఎంతసేపు తగిలి ఉంటుందో, మనిషి ఎందుకు వెనక్కి లాక్కోలేకపోయారో ఆలోచించవచ్చు. కాగిన నూనె వేడి మరిగే నీటి వేడిని చాలా మించి ఉంటుంది, పైగా చర్మానికి అంటుకుని త్వరగా చల్లారదు, కాబట్టి ప్రమాదంలో పడిన నూనె కూడా అంతే లోతుగా కాలుస్తుంది.

పరీక్షలో మరో రెండు విషయాలు బయటపడ్డాయి. మత్తు ఇవ్వడానికి ముందు తీసిన ఛాతీ ఎక్స్‌రేలో రెండు పక్కటెముకలు గతంలో విరిగి అతుక్కున్న గుర్తులున్నాయి. కుడి భుజం లోపలి వైపు, దుస్తులు కప్పే చోట, వేర్వేరు కాలాల్లో మానిన మచ్చలు కొన్ని ఉన్నాయి. విడివిడిగా చూస్తే ఏ ఒక్కటీ దేన్నీ రుజువు చేయదు.

ఏమి రాయాలన్నది నా మొదటి నిర్ణయం. కొన్నేళ్ల క్రితం ఒక రోగి మంట మీద ఒక చేయి, ముఖంలో సగం ఎముక దాకా కాలి వచ్చారు. చేయి వెనక్కి లాక్కున్న గుర్తే లేకపోవడంతో ఎవరో పట్టుకుని కాల్చారని మేమంతా నమ్మాం, ఆ కుటుంబాన్ని అలాగే చూశాం. మూడో రోజు వార్డులోనే రోగికి మూర్ఛ వచ్చింది. మూర్ఛలో స్పృహ తప్పి మంట మీద పడినవారు వెనక్కి లాక్కోలేరు. ఆ కుటుంబం మా చూపుల్ని మరిచిపోయి ఉండదు. అందుకే ఈ కేసులో “దాడి” అన్న మాట రాయలేదు. “వివరించిన సంఘటనకూ గాయాల అమరికకూ పొంతన లేదు. గాయాల అమరిక కుడి పక్కకు పడుకుని ఉన్న వ్యక్తి మీద ఎడమ పైవైపు నుంచి వేడి ద్రవం పడినట్టుగా ఉంది. మూర్ఛ చరిత్ర లేదు” అని రాసి, సమయం వేసి, సంతకం చేశాను. తనకు తానే చేసుకున్న అవకాశాన్ని కూడా ఆలోచించి, పక్కకు పడుకుని సొంత భుజపుటెముక మీద నూనె పోసుకోవడం సాధ్యం కాదన్న కారణంతో దాన్ని చాలా తక్కువ అవకాశంగా నమోదు చేశాను.

చేసిన ప్రయత్నం, అది చెడిన తీరు

ఇంత జాగ్రత్తగా రాసినవాడిని అదే రోజు మధ్యాహ్నం రౌండ్స్‌లో ఆమె మంచం దగ్గర ఆగి, నా వెనక ఎనిమిది మంది నిలబడి ఉండగా, గుమ్మం దగ్గర వెంట వచ్చిన వ్యక్తి వినగలిగేంత దూరంలో, “ఇది మీ మీద ఎవరైనా పోశారా?” అని అడిగాను. త్వరగా తెలిస్తే త్వరగా కాపాడవచ్చని అప్పుడు నా ఆలోచన. ఆమె లేదన్నట్టు తల తిప్పి గోడ వైపు చూశారు. సాయంత్రానికల్లా ఆమెను ఇంటికి తీసుకువెళతామని, వైద్యుల సలహాకు వ్యతిరేకంగా వెళుతున్నట్టు సంతకం చేస్తామని వెంట వచ్చిన వ్యక్తి కౌంటరు దగ్గర నిలబడ్డారు.

నేను అడిగిన ప్రశ్న రోగికి ఏ రక్షణా ఇవ్వలేదు, రహస్యం బయటపడబోతోందన్న సంగతిని మాత్రం అవతలివారికి చేరవేసింది. హింసలో ఉన్నవారు బయటపడే ప్రయత్నం చేసినప్పుడే ప్రమాదం పెరుగుతుందన్న విషయం తెలిసి కూడా నేను ఆ తప్పు చేశాను. ఆ సాయంత్రం ఆమె వెళ్లకుండా ఆపినవి పూర్తిగా వైద్యపరమైన కారణాలే. ఎడమ కంటి రెప్పలు కాలి బిగుసుకుంటున్నాయని, కన్ను మూతపడకపోతే నల్లగుడ్డు ఎండి పుండు పడుతుందని, చూపు పోతుందని కంటి వైద్యురాలు వివరంగా చెప్పారు. అది నిజం కూడా. రోగితో విడిగా మాట్లాడితే, ఆసుపత్రిలోనే ఉంటానని రోగి చెప్పారు. ఉండడమా వెళ్లడమా అన్నది ఆమె నిర్ణయమేనని, ఆమె సంతకం లేకుండా ఎవరూ తీసుకెళ్లలేరని కౌంటరుకు రాసి పంపాం.

నాలుగో రోజు భుజం, చేయి, మెడ మీది చనిపోయిన చర్మాన్ని పొరలు పొరలుగా చెక్కి, తొడ నుంచి తీసిన చర్మంతో కప్పాం. యాన్జెకోవిచ్ 1970లో ప్రచారంలోకి తెచ్చిన ఈ పద్ధతిలో రక్తం చిమ్మే సజీవమైన పొర కనిపించే దాకా చెక్కి వెంటనే గ్రాఫ్టు వేస్తాం. ముఖాన్ని ముట్టుకోలేదు. ముఖానికి రక్తప్రసరణ ఎక్కువ, తనంతట తాను మానే భాగం ఎంతో తేలడానికి పది రోజులకు పైగా ఆగడం మంచిది. చెవి విషయంలో మృదులాస్థి కుళ్లకుండా మాఫెనైడ్ అనే సూక్ష్మజీవుల నివారణ మందు పూశాం, చెవి మీద దిండు ఒత్తిడి పడకుండా చూశాం.

తొమ్మిదో రోజుకు భుజం మీది గ్రాఫ్టులో దాదాపు 40 శాతం, మెడ మీద ఒక పట్టీ ఊడిపోయాయి. గాయం నుంచి తీసిన నమూనాలో సూడోమోనాస్ అనే బ్యాక్టీరియా పెరిగింది. మందు మార్చాం. కేస్ షీటులో మాలో ఒకరు “రోగి సహకరించడం లేదు, మెడ స్ప్లింట్ తీసేస్తున్నారు, ఆహారం నిరాకరిస్తున్నారు, పడుకోమన్న వైపు పడుకోవడం లేదు” అని రాశారు. దాన్ని చదివి నేనూ సంతకం పెట్టాను. సహకరించడం లేదన్న మాట రోగి మీద వేసే నింద అని, దాని వెనక ఒక కారణం ఉంటుందని ఆ రోజు నాకు తట్టలేదు.

కారణాన్ని పట్టుకున్నది రాత్రి డ్యూటీ నర్సు. రోగి మంచం ఎడమవైపు గుమ్మం ఉంది. గ్రాఫ్టు వేసింది ఎడమవైపు కాబట్టి కుడి పక్కకు గానీ వెల్లకిలా గానీ పడుకోమని మేము చెబుతున్నాం. కుడి పక్కకు పడుకుంటే గుమ్మం వీపు వైపు ఉంటుంది. దీపాలు ఆర్పగానే ఆమె గుమ్మం కనిపించేలా ఎడమ వైపుకు తిరిగేవారు, గ్రాఫ్టు పరుపుకు రాసుకుని కదిలిపోయేది. మెడ స్ప్లింట్ గడ్డాన్ని పైకి ఎత్తి పట్టి, తల పక్కకు తిప్పనివ్వదు, అందుకే దాన్ని తీసేసేవారు. కుడి పక్కకు తిరిగి నిద్రపోతున్నప్పుడే ఆమె మీద నూనె పడిందన్నది నా సొంత పటంలో ఉంది. అదే భంగిమలో నిద్రపొమ్మని రాత్రి తర్వాత రాత్రి ఆమెను అడుగుతూ వచ్చాం.

పని చేసినవి

మొదట చేసినది మంచం మార్చడం. గోడ ఆమె వీపు వైపుకు, గుమ్మం ఆమె కుడి చూపుకు వచ్చేలా మూల మంచానికి మార్చాం, రాత్రి చిన్న దీపం వెలిగించి ఉంచాం. మూడు రాత్రుల్లో నిద్ర నాలుగు గంటలకు, తర్వాత ఆరు గంటలకు వచ్చింది. స్ప్లింట్ నిలిచింది. ఆహార పట్టికను డైటీషియన్ వెనక్కి తిరగేసి చూస్తే, వెంట వచ్చిన వ్యక్తి పక్కన కూర్చున్న పూటల్లో ఆమె సగం కూడా తినలేదని, రాని పూటల్లో దాదాపు మొత్తం తిన్నారని తేలింది. పెద్ద గాయం మానాలంటే శరీర బరువు కిలోకు రోజుకు 1.5 నుంచి 2 గ్రాముల ప్రోటీన్ కావాలి. ఆమెకు అందులో సగమే అందుతోంది. గ్రాఫ్టు పోవడానికి సూడోమోనాస్ ఒక్కటే కారణం కాదన్న సంగతి అలా తెలిసింది.

రెండోది, సందర్శకుల విషయంలో తీసుకున్న నిర్ణయం. ఆ ఒక్క వ్యక్తిని ఆపితే అది ఆరోపణ అవుతుంది, దాని ఫలితం ఆమె మీదే పడుతుంది. అందుకని భోజన వేళల్లోనూ, డ్రెస్సింగు గదిలోకీ ఏ రోగి బంధువులూ రాకూడదని వార్డు మొత్తానికి ఇన్ఫెక్షన్ నివారణ నియమంగా పెట్టాం. అది వైద్యపరంగా కూడా సమంజసమైనదే. కొన్ని కుటుంబాలకు, ముఖ్యంగా పసిపిల్లల తల్లులకు ఇబ్బంది కలిగింది, వారికి వేరే వీలు కల్పించాల్సి వచ్చింది. మిగిలిన రోగులు మోసిన ఆ భారాన్ని నేను తేలిగ్గా తీసుకోవడం లేదు, కానీ ఇంతకంటే మంచి దారి నాకు ఇప్పటికీ కనిపించలేదు.

మూడోది, డ్రెస్సింగు ప్రతిసారీ ఒకే నర్సు చేయడం. నొప్పికి ముందుగానే మందు ఇచ్చి, ప్రతి పని చేసే ముందు చెప్పి, ఆమె చేయి ఎత్తితే ఆపేసేవారు. ఇక్కడే ఒక కష్టమైన సందర్భం వచ్చింది. పదకొండో రోజు కెటమిన్ మత్తు నుంచి బయటికి వస్తూ ఆమె “పోయొద్దు, పోయొద్దు” అన్నారు. జూనియర్ డాక్టరు వెంటనే ఆ మాట పట్టుకుని అడుగుదామన్నారు. నేను వద్దన్నాను. మత్తులో వచ్చిన మాట మీద ఆధారపడటం నమ్మదగిన పని కాదు, అంతకు మించి, తన అదుపులో లేని క్షణంలో జారిన మాటను ఆమె ముందు పెట్టడం ఆమె నుంచి మరొకటి లాక్కోవడమే అవుతుంది. విన్న మాటను విన్నట్టు, మందు మోతాదుతో, సమయంతో సహా కేస్ షీటులో రాశాం. దాని గురించి ఆమెను ఎవరూ ఏమీ అడగలేదు.

పదహారో రోజు డ్రెస్సింగు మధ్యలో ఆమే నర్సును అడిగారు, “మీరు నన్ను అడగరేం?” అని. నర్సు చెప్పిన జవాబు నాకు తర్వాత చెప్పారు: “చెప్పాలనిపించిన రోజున చెప్పండమ్మా. చెప్పకపోయినా మీ డ్రెస్సింగు ఆగదు, మీ మంచం ఎవరూ తీసుకోరు.” ఆమె ఆ రోజు ఏమీ చెప్పలేదు. తర్వాతి వారంలో సామాజిక కార్యకర్తను కలుస్తానన్నారు. చెప్పడం మొదలుపెట్టే ముందే, మేము ఏది రహస్యంగా ఉంచగలమో, చట్టం ప్రకారం ఏది తెలియజేయక తప్పదో ఆమెకు వివరించాం. చెప్పిన తర్వాత ఆ సంగతి తెలిస్తే అది మరో మోసంగా అనిపిస్తుంది. ఆమె పూర్తి స్పృహలో ఉన్నారని, మత్తు మందుల ప్రభావం లేదని ఇద్దరు వైద్యులు నమోదు చేశాక, ఇరవై రెండో రోజు ఆమె జరిగినదంతా చెప్పారు. నిద్రలో ఉండగా, కుడి పక్కకు తిరిగి పడుకుని ఉండగా నూనె పడింది. కళ్లు తెరిచేలోపే చేయి ముఖం మీదికి వచ్చింది. తెల్లవారే దాకా ఎవరూ ఆసుపత్రికి తీసుకుపోలేదు. మా వ్యాఖ్యానం ఏదీ కలపకుండా ఆమె మాటల్లోనే రాసుకున్నాం. నేను రెండో రోజు గీసిన పటాన్ని అప్పటి దాకా ఆమెకు గానీ, ఆమె మాట రాసుకున్న సామాజిక కార్యకర్తకు గానీ చూపలేదు. రెండూ విడివిడిగా తయారై ఒకటే చెప్పడం తర్వాత జరిగిన విచారణలో ఉపయోగపడింది. ఆ విచారణ ఫలితం ఈ నివేదిక పరిధిలోకి రాదు.

మానసిక వైద్యురాలు అదే వారం నుంచి ఆమెను చూశారు. చనిపోవాలన్న ఆలోచనలు వస్తున్నాయా అని సూటిగా, ఏకాంతంలో అడిగారు. అలా అడగడం వల్ల ఆ ఆలోచన కొత్తగా పుట్టదు, అడగకపోతే ఉన్న ఆలోచన కనపడకుండా పోతుంది. కొన్ని రాత్రులు వచ్చాయని ఆమె చెప్పారు. అప్పటి నుంచి ఆ ప్రశ్న ప్రతి వారం పునఃపరిశీలనలో భాగమైంది. దాడికి గురైనవారిని మానసిక చికిత్స అక్కర్లేనివారిగా, ఆత్మహత్యాయత్నం చేసినవారిని మాత్రమే అవసరమైనవారిగా విడదీసే అలవాటు మా వార్డులో ఉండేది. ఈ కేసు తర్వాత ఆ అలవాటు మానుకున్నాం.

డిశ్చార్జి, ఆ తర్వాత

రెండో గ్రాఫ్టు పద్దెనిమిదో రోజున వేశాం, అది దాదాపు పూర్తిగా అతుక్కుంది. ముఖంలో ఎక్కువ భాగం తనంతట తానే మానింది, చెంప మీద ఒక భాగానికి మాత్రం చర్మం వేయాల్సి వచ్చింది. ఎడమ చెవి పై అంచు కొంత పోయింది. నలభై ఒకటో రోజుకు గాయాలు మూతపడ్డాయి. మామూలుగా అయితే ఆ రోజే పంపేస్తాం. వయసు, కాలిన శాతం కలిపి చూసే బో స్కోరు ఆమెకు నలభై చిల్లర, అంటే ప్రాణాపాయం చాలా తక్కువ అని మొదటి రోజే తెలుసు. ఆమె ఏ ఇంటికి వెళుతున్నారన్న విషయానికి ఆ స్కోరులో చోటు లేదు. వేరే ఊళ్లో ఆమెకు నమ్మకమైన ఒక బంధువు ఇంట్లో ఉండే ఏర్పాటు ఖరారయ్యే దాకా మరో ఆరు రోజులు ఆసుపత్రిలోనే ఉంచాం. గాయం మానాక కూడా మంచం ఆక్రమించారని అడిగినవారికి, డిశ్చార్జి అయ్యే చోటు భద్రంగా లేకపోతే డిశ్చార్జికి అర్హత లేనట్టేనని రాతపూర్వకంగా జవాబిచ్చాను.

ఫోన్ చేయాల్సిన నంబరు, చేయదగిన వేళ, ఎవరైనా వేరేవాళ్లు ఎత్తితే ఏం చెప్పాలన్నది ముందే ఆమెతో నిర్ణయించుకున్నాం. అపాయింట్‌మెంట్ చీటీ మీద వార్డు పేరు రాయలేదు. మొదటి తేదీకి ఆమె రాలేదు. మామూలు రోగికి చేసినట్టు పాత ఫైలులోని నంబరుకు గుమాస్తా ఫోన్ చేయబోతుంటే నర్సు ఆపారు. ఆ నంబరు ఆమెను మొదట తీసుకువచ్చిన వ్యక్తిది. పాత నంబర్లు తీసేయాలన్న సంగతి మా ఏర్పాటులో ఎవరికీ తట్టలేదు, ఆ రోజు అదృష్టం వల్ల మాత్రమే ప్రమాదం తప్పింది. ఇప్పుడు అలాంటి ఫైళ్ల మీద సంప్రదించే వివరాలను డిశ్చార్జికి ముందు రోగే స్వయంగా సరిచూసి సంతకం చేస్తారు.

నాలుగో నెలలో కింది రెప్ప బయటికి మడత పడి కన్ను మూతపడకపోవడంతో, మచ్చ పూర్తిగా పండే దాకా ఆగకుండా పూర్తి మందం చర్మం వేసి సరిచేశాం. మెడ బిగుతును తొమ్మిదో నెలలో విడదీశాం. మచ్చ దళసరి కాకుండా ఒత్తిడి కలిగించే బట్టను రోజుకు 23 గంటలు వేసుకోవాలి, ముఖానికీ మెడకూ అది భరించడం చాలా కష్టం. నిద్రలో ముఖాన్ని ఏదీ కప్పకూడదన్న ఆమె భయం తెలుసు కాబట్టి, పగటి వేళలతో మొదలుపెట్టి, రాత్రికి నెమ్మదిగా అలవాటు చేశాం, మచ్చ కొంత దళసరిగా మిగిలినా అదే సరైన రాజీ అనుకున్నాం.

మా చేరిక పత్రంలో కారణం అనే ఒక గడి ఉండేది. ఇప్పుడు దాని స్థానంలో మూడు గడులున్నాయి: వెంట వచ్చినవారు చెప్పినది, రోగి ఏకాంతంలో చెప్పినది, గాయంలో కనిపించినది. రెండోది ఖాళీగా ఉంటే ఖాళీగానే ఉండనివ్వాలని, మొదటి గడిలోని మాటలు అందులోకి ఎక్కించకూడదని కొత్తగా చేరే డాక్టర్లకు చెబుతున్నాం. రౌండ్స్‌లో గుంపుగా అడగడాన్ని నిషేధించాం. ఆ నియమం రాయించినది నేనే, ఎందుకో కూడా వాళ్లకు చెబుతాను.

పద్దెనిమిదో నెలలో వచ్చినప్పుడు ఆమె మెడ దాదాపు పూర్తిగా పైకి ఎత్తగలుగుతున్నారు, కన్ను మూతపడుతోంది, పనికి వెళుతున్నారు. ఎక్కడ కూర్చున్నా గుమ్మం కనిపించే కుర్చీ వెతుక్కుంటానని చెప్పారు. ఆ రోజు మొదటిసారి ఆమె శరీర పటాన్ని చూడాలని అడిగారు. చాలాసేపు బాణాలను చూసి, పటంలో ఎడమ చెవి వెనక, జుట్టు మొదలయ్యే చోట వేలు పెట్టి, “ఇక్కడ కూడా పడింది, మీరు గీయలేదు” అన్నారు. జుట్టు పక్కకు తీసి చూస్తే అంగుళం పొడవున సన్నని మచ్చ ఉంది. తల మీద జుట్టు కింది గాయాన్ని నేను చూడలేదు. పాత పటాన్ని మార్చకుండా, కొత్త కాగితం మీద ఆ మచ్చను గీసి, తేదీ వేసి, కింద “రోగి చూపించినది” అని రాశాను.